గళ్ళ నుడికట్టు పూరించడం ఎలా?

పిల్లలూ!

పత్రిక చేతికి రాగానే మీరు ముందుగా కథలు చదువుతారు. తరవాత బొమ్మలు చూస్తారు. ఆ తరవాత సైన్సు పేజీ. నల్లగళ్ళూ తెల్లగళ్ళూ గీసిన చదరం ఒకటి ఎదురైతే మాత్రం, "ఇది పెద్దవాళ్ళది" అనుకుని పేజీ తిప్పేస్తారు. ఈ నెల ఆ చదరం దగ్గర కాస్త ఆగుదాం. అందులో మాటలు నింపడం ఎలా మొదలుపెట్టాలో, మీరు రాసిన మాట సరి అయినదో కాదో ఎవరినీ అడగకుండా ఎలా తెలుసుకోవాలో చెబుతాను. పెన్సిలూ, రబ్బరూ దగ్గర పెట్టుకోండి. కలం వద్దు. ఎందుకు వద్దో మీకే తెలుస్తుంది.

ఇది ఎక్కడ పుట్టింది?

ఈ ఆటను తెలుగులో కొందరు "పదబంధ ప్రహేళిక" అంటారు. కొందరు "గళ్ళ నుడికట్టు" అంటారు. ఇంగ్లీషులో క్రాస్‌వర్డ్. 1913 డిసెంబరు 21వ తేదీన అమెరికాలో "న్యూయార్క్ వరల్డ్" అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన దీన్ని అచ్చువేయించాడు. ఆయన ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టి, అమెరికా వెళ్ళి పత్రికలో పని చేసినవాడు. ఆయన గీసిన బొమ్మ ఇప్పటి చదరంలాగా లేదు. మూల మీద నిలబెట్టిన గాలిపటంలాగా ఉన్నది. దానికి ఆయన పెట్టిన పేరు "వర్డ్-క్రాస్". కొన్ని వారాలకు అచ్చులో ఆ రెండు మాటలూ తారుమారై "క్రాస్-వర్డ్" అయినాయి. తారుమారైన పేరే లోకంలో నిలిచిపోయింది! 1924లో ఇటువంటి పజిళ్ళతో మొదటి పుస్తకం న్యూయార్కులో వెలువడింది. ప్రచురించినవారు పుస్తకంతోపాటు ఒక పెన్సిలు కూడా జతచేసి అమ్మారు.

తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి పేరుపొందిన కవులు పత్రికల పాఠకులకోసం ఇటువంటి పజిళ్ళు కూర్చారు. కవులకు ఈ ఆట నచ్చడంలో వింత లేదు. మన అవధానాలలో "న్యస్తాక్షరి" అని ఒక అంశం ఉన్నది. అడిగేవాడు, "నువ్వు చెప్పబోయే పద్యంలో రెండో పాదం, ఏడో అక్షరం ఫలానాది కావాలి" అంటాడు. అవధాని ఆ అక్షరం ఆ చోటనే పడేటట్టు పద్యం చెప్పాలి. గళ్ళూ లేవు, పెన్సిలూ లేదు, అంతా మనసులోనే! ఈ విద్యలో గొప్ప పేరు తెచ్చుకున్నవారు తిరుపతి వేంకట కవులు. ఆ పేరు చూసి వారిది తిరుపతి అనుకునేరు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అనే ఇద్దరి పేర్లు కలిసి అలా అయినాయి. ఇద్దరూ గోదావరి ప్రాంతంవారు.

చూశారా, పేరు చూడగానే తోచినది ఎప్పుడూ నిజం కాదు. గళ్ళ దగ్గర ఈ సంగతి మళ్ళీ మళ్ళీ జ్ఞాపకం వస్తుంది.

గడికి ఒక అక్షరం

ముందు లెక్క నేర్చుకోవాలి. తెలుగు పజిలులో ఒక గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఆ అక్షరంతోనే ఒకే గడిలో ఇమిడిపోతాయి.

తిరుపతి: తి, రు, ప, తి. నాలుగు గళ్ళు.
చిత్తూరు: చి, త్తూ, రు. మూడు గళ్ళు.
కాణిపాకం: కా, ణి, పా, కం. నాలుగు గళ్ళు.
కుప్పం: కు, ప్పం. రెండే గళ్ళు!

"స్త్రీ" అనే మాటలో సకారం, తకారం, రేఫ, ఈకారం అన్నీ ఉన్నాయి. అయినా ఒక్క గడి చాలు. తిరుపతి అనే పేరును ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది గళ్ళు కావాలి. మనకు సగం చాలు.

ఇందులో ఒక లాభం ఉన్నది. ఇంగ్లీషులో ఒక గడిలో పడగలవి 26 అక్షరాలే. మనకు గుణింతాలూ, ఒత్తులూ కలిపితే వందలు. కాబట్టి ఒక్క గడిలో అక్షరం తెలిసినా ఎంతో తెలిసినట్టు. మాటలో "రి" ఉన్నదని తెలిస్తే ర, రా, రీ, రు ఉన్న మాటలన్నీ ఆ చోటికి పనికిరావని తేలిపోయినట్టే. అయితే జాగ్రత్త! "రి" వేరు, "రీ" వేరు. దగ్గరగా ఉన్నదికదా అని సర్దుకోకూడదు.

ప్రతి ఆధారం చివర బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. అది గళ్ళ లెక్క. ఒక ఊరి పేరుకు (2) అని ఉంటే "కుప్పం" సరిపోతుంది. (3) అని ఉంటే కూర్చినవారు "కుప్పము" అని రాసి ఉండవచ్చు. మాటల చివర సున్నా, "ము" మధ్య తగాదా వస్తే అంకె చూసి తీర్చుకోండి.

ఒక చిన్న చదరం

ఇప్పుడు పని మొదలుపెడదాం. ఈ చదరాన్ని మీ పుస్తకంలో గీసుకోండి. ■ ఉన్నది నల్లగడి. అక్కడ ఏమీ రాయకూడదు.

[1] [  ] [2] [  ] ■
[  ] ■ [  ] ■ [3]
[  ] ■ [4] [  ] [  ]
[  ] ■ [  ] ■ [  ]
■ [5] [  ] ■ [  ]

అడ్డం:
1. శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్న ఊరు (4)
4. తమిళనాడు పొలిమేర దగ్గరి ఊరు. ఆ పేరుకే పట్నమనే అర్థం కూడా ఉన్నది (3)
5. వేసవి సాయంత్రం గుబాళించే తెల్లని పువ్వు (2)

నిలువు:
1. రెండు రాళ్ళు, ఒక పిడి. గింజలు పోస్తే పిండి (4)
2. రవీంద్రనాథ్ టాగోర్ 1919లో "జనగణమన"ను ఇంగ్లీషులోకి అనువదించిన ఊరు (5)
3. బెల్లం పాకంలో బియ్యప్పిండి కలిపి, నూనెలో కాల్చే సంక్రాంతి వంటకాలు (4)

ఇక్కడ చదవడం ఆపి, కాసేపు మీరే ప్రయత్నించండి. తరవాత మిగతాది చదవండి.

తొందరపడితే ఏమవుతుంది?

మీలో చాలామంది 1 అడ్డం చూడగానే "తిరుపతి" అని రాసి ఉంటారు. నాలుగు గళ్ళూ చక్కగా నిండుతాయి. సరే, దాని మూడో గడి నుంచి 2 నిలువు దిగుతుంది. అంటే 2 నిలువు "ప"తో మొదలు కావాలి. పాత చిత్తూరు జిల్లాలో "ప"తో మొదలై అయిదు అక్షరాలున్న ఊరు ఏది? ప, ల, మ, నే, రు. పలమనేరు! అదీ సరిగ్గా సరిపోయింది. రెండు మాటలు కలిశాయి, ఇక సందేహమేమిటి అనిపిస్తుంది.

ఆగండి. పలమనేరు మూడో అక్షరం "మ". అక్కడి నుంచి 4 అడ్డం మొదలవుతుంది. "మ"తో మొదలై, మూడు అక్షరాలుండి, పట్నమని అర్థం వచ్చే ఊరు ఏది? ఎంత ఆలోచించినా దొరకదు. పలమనేరు చివరి అక్షరం "రు". 5 అడ్డంలో "రు"తో అంతమయ్యే రెండక్షరాల తెల్లపువ్వు ఏది? అదీ దొరకదు.

ఏం జరిగిందో చూశారా? ఒక తప్పుమాట మరొక తప్పుమాటను వెంటబెట్టుకు వచ్చింది. ఆ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. వాటిని మాత్రమే చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. మూడో మాటనూ, నాలుగో మాటనూ అడిగేసరికి బండారం బయటపడింది. కలంతో రాసినవారు ఇప్పుడు ఏం చేస్తారు? పెన్సిలుతో రాసినవారు చెరిపేసి మళ్ళీ మొదలుపెడతారు.

తీరుబడిగా మొదలుపెడితే?

ఒకటో నెంబరు నుంచే మొదలుపెట్టాలన్న నియమం లేదు. ఆధారాలన్నీ ఒకసారి చదివి, అన్నిటికన్నా గట్టిగా తెలిసినదాన్ని పట్టుకోండి.

3 నిలువు చూడండి. "వంటకాలు" అన్నారు, ఒకటి కాదు, చాలా. ఆధారం బహువచనమైతే జవాబు కూడా బహువచనమే. కాబట్టి జవాబు ఏమిటో తెలియకముందే చివరి గడిలో "లు" అని పలచగా రాసుకోవచ్చు. ఇక బెల్లం పాకం, బియ్యప్పిండి, సంక్రాంతి! అ, రి, సె, లు. అరిసెలు.

దీని రెండో అక్షరం "రి". అది 4 అడ్డంలో చివరి గడి. మూడక్షరాల ఊరు, "రి"తో అంతం కావాలి, పట్నమని అర్థం రావాలి. నగరి! ఇప్పుడు ఈ మాటకు ఆధారమూ ఒప్పుకున్నది, అరిసెలూ ఒప్పుకున్నాయి.

5 అడ్డం: వేసవిలో గుబాళించే తెల్లపువ్వు, రెండు అక్షరాలు. మల్లె.

ఇప్పుడు 2 నిలువుకు రండి. టాగోర్ సంగతి మీకు తెలియకపోయినా భయం లేదు. నగరి నుంచి మూడో అక్షరం "న" వచ్చింది. మల్లె నుంచి చివరి అక్షరం "ల్లె" వచ్చింది. రెండు ఖాళీలు, న, ఒక ఖాళీ, ల్లె. మన ప్రాంతంలో అటువంటి ఊరు ఒక్కటే తోస్తుంది: మదనపల్లె. అవును, 1919 ఫిబ్రవరిలో టాగోర్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. అక్కడే "జనగణమన"ను ఇంగ్లీషులోకి అనువదించారు. కళాశాలలో ఉన్న మార్గరెట్ కజిన్స్ అనే ఆమె ఆ గీతం బాణీని స్వరాలలో రాసుకోవడానికి సాయపడింది. చూడండి, పజిలు మీకు తెలియని సంగతిని కూడా మీ చేతనే చెప్పించింది!

ఇక మదనపల్లె మొదటి అక్షరం "మ". అది 1 అడ్డంలో మూడో గడి. అంటే "తిరుపతి" కుదరదు. తి, రు, మ, ల. తిరుమల! ఆధారాన్ని మళ్ళీ చదవండి. వేంకటేశ్వరస్వామి ఆలయం కొండమీద తిరుమలలో ఉన్నది. కొండకింద ఉన్న ఊరు తిరుపతి. అక్కడి పెద్ద ఆలయం గోవిందరాజస్వామిది. మాటల్లో మనం "తిరుపతి వెళ్ళి దర్శనం చేసుకొచ్చాం" అంటాం. అది వాడుక. పజిలు మాత్రం ఏ మాటకు ఆ మాటే అడుగుతుంది.

అవ్వ మాట తప్పా?

ఇంకా 1 నిలువు మిగిలింది. రెండు రాళ్ళు, ఒక పిడి. దీన్ని రాయలసీమలో చాలా ఇళ్ళలో "విసుర్రాయి" అంటారు. మీ అవ్వ రాగులు దానితోనే విసిరి ఉంటుంది. లెక్క చూడండి: వి, సు, ర్రా, యి. నాలుగు గళ్ళు సరిపోయాయి! కానీ తిరుమల మొదటి అక్షరం "తి" కాబట్టి, ఈ మాట కూడా "తి"తో మొదలు కావాలి. తి, ర, గ, లి. తిరగలి.

అంటే అవ్వ చెప్పిన మాట తప్పా? కానే కాదు. ఒకే వస్తువుకు రెండు పేర్లు. రెండూ మంచి తెలుగే. ఈ చదరంలో ఈ చోట తిరగలి పడుతుంది, అంతే. మరొక చదరంలో ఆ గడి "వి" అయితే, తిరగలి అని రాసినవాడు చెరుపుకోవాలి. అవ్వ దగ్గర విసుర్రాయి విన్నవాడు గెలుస్తాడు. అందుచేత ఇంట్లో వినే మాట పాఠ్యపుస్తకంలో కనబడలేదని దాన్ని పారేయకండి. ఒక వస్తువుకు ఎన్ని పేర్లు తెలిస్తే మీ చేతిలో అన్ని తాళంచెవులు ఉన్నట్టు. పొలంలో పనిముట్లు, వంటింటి సామాను, చెట్లు, పిట్టలు, చుట్టరికాలు, వీటి పేర్లు పెద్దవాళ్ళను అడిగి ఒక పుస్తకంలో రాసుకోండి. చిత్తూరు సీమలో తమిళం, కన్నడం కూడా ఇరుగుపొరుగున ఉన్నాయి కాబట్టి పేర్లు ఇంకా ఎక్కువ దొరుకుతాయి. విసుర్రాయి చాలా ఇళ్ళలో మూలపడింది. దాని పేరు కూడా మూలపడకముందే అడగాలి.

ఇంట్లో దొరకని మాటకు నిఘంటువు చూడండి. బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోనూ, బహుజనపల్లి సీతారామాచార్యుల "శబ్దరత్నాకరము" 1885లోనూ వచ్చాయి. ఇప్పటికీ అవి గ్రంథాలయాలలో దొరుకుతాయి. నిఘంటువు చూడటం మోసం కాదు. వెనకపేజీలో జవాబులు చూడటం మాత్రం మోసమే. ఎవరినో కాదు, మనల్ని మనమే.

పాత పత్రికలోని పజిలు చేస్తుంటే ఆ పత్రిక ఏ సంవత్సరానిదో కూడా చూసుకోండి. "తిరుపతి ఉన్న జిల్లా (3)" అని ఉంటే జవాబు చిత్తూరు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి పేరుతోనే వేరే జిల్లా ఏర్పడింది కాబట్టి, ఆ తరవాతి పజిలులో అదే ప్రశ్నకు (4) అని ఉంటుంది.

మాటలోని మాయ

పైన ఇచ్చినవన్నీ సూటి ఆధారాలు. ఇవి అలవాటైన తరవాత కొంటె ఆధారాలు ఎదురవుతాయి. అవి పైకి ఒకటి చెబుతాయి. లోపల మరొకటి ఉంటుంది. రెండు రకాలు మాత్రం చెబుతాను.

ఒకటి, ముక్కలు అతకడం. "శిరస్సు వెంట లోయ వస్తే జలపాతం (4)" అంటే ఏమిటి? శిరస్సు అంటే తల. లోయ అంటే కోన. కలిపితే తలకోన! శేషాచలం అడవుల్లో సుమారు 270 అడుగుల ఎత్తునుంచి దూకే జలపాతం. ఆధారంలో ఒక భాగం ముక్కలు ఇస్తుంది. ఇంకో భాగం మొత్తం మాటకు అర్థం చెబుతుంది. ఇక్కడ కూడా ఇద్దరు సాక్షులన్నమాట.

రెండు, తిప్పి చదవడం. "తల తిరిగితే తీగ (2)". తల తిరిగిందంటే జబ్బు చేసిందనుకోకండి. "తల" అనే మాటను వెనకనుంచి చదవండి: లత. లత అంటే తీగ. ఆధారంలో తిరగడం, తారుమారు కావడం, తలకిందులు కావడం వంటి మాటలు కనబడితే అక్షరాలు కదిలించి చూడమని సైగ చేసినట్టు.

ఇప్పుడు ఈ అయిదూ మీకోసం:

(అ) నెలరాజు కొండ ఎక్కితే కోట కనిపించింది (4)
(ఆ) చివర వంద దాచుకున్న ఊరు. పొట్టి ఆవులకు ప్రసిద్ధి (4)
(ఇ) సాలెపురుగు, పాము, ఏనుగు ఒకచోట చేరిన పుణ్యక్షేత్రం (5)
(ఈ) మర తలకిందులైతే లక్ష్మీదేవి (2)
(ఉ) ముందునుంచి చదివినా, వెనకనుంచి చదివినా తెనాలి రామకృష్ణుడే (5)

మీరే ఒకటి కూర్చండి

పజిలు పూరించడంకన్నా కూర్చడం కష్టం. కష్టం ఏమిటో తెలియాలంటే ఒక చిన్నది కూర్చి చూడండి. "చిత్తూరు" అని అడ్డంగా రాయండి. "చి" కింద చిలుక అని నిలువుగా దింపవచ్చు. "రు" కింద రుబ్బురోలు దిగుతుంది. నడుమ ఉన్న "త్తూ"తో మొదలయ్యే మాట మాత్రం తెలుగులో లేదు! అందుకే దాని కింద నల్లగడి పెట్టాలి. నల్లగళ్ళు ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా? మీ ఊరి పేరుతో ఇలాగే ఒకటి గీసి, మీ పక్క బెంచీ స్నేహితుడికి ఇవ్వండి. అతను ఎక్కడ తడబడతాడో చూస్తే, మీరు రాసిన ఆధారంలో లోపం ఎక్కడున్నదో మీకు తెలుస్తుంది.

పెద్దలకు ఒక మాట

పిల్లలు గళ్ళముందు కూర్చుని తల గోక్కుంటుంటే, దయచేసి జవాబు చెప్పేయకండి. మరీ చిక్కుపడితే ఒక్క అక్షరం చెప్పండి. ఏ అక్షరమో కూడా వాళ్ళనే అడగమనండి. "నాలుగో గడి చెప్పమ్మా" అని అడిగిన పిల్లకు తన చిక్కు ఎక్కడున్నదో తెలిసినట్టే. తప్పు రాస్తే వెంటనే దిద్దవద్దు. పక్కమాట వచ్చి అడ్డం పడేదాకా ఓపిక పట్టండి. తన తప్పు తానే పట్టుకుని చెరుపుకున్న పిల్లవాడు, మరొకసారి తోచినదల్లా రాసెయ్యకుండా నాలుగు దిక్కులా చూసి రాస్తాడు.

జవాబులు

(అ) చంద్రగిరి. నెలరాజు చంద్రుడు, కొండ గిరి. పెనుకొండ తరవాత ఇది విజయనగర రాజులకు రాజధాని అయింది. (ఆ) పుంగనూరు. చివర ఉన్నది నూరు. (ఇ) శ్రీకాళహస్తి. శ్రీ సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. (ఈ) రమ. (ఉ) వికటకవి.